నాన్న కారు స్టీరియో



డాక్టర్లు, ఇంజనీర్లు మాట్లాడాక నన్ను పిలిచారు. నాది కార్లకు వైరింగు చేసే కొట్టు. ఏం చెప్పమంటారని సంఘం వాళ్లని అడిగితే "నీ పని గురించే చెప్పు" అన్నారు. కాబట్టి కరెంటు సంగతే చెబుతాను.

మా నాన్న అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. రాత్రి కారు ఇంటి ముందు ఆపి, తలుపు తెరిచి ఉంచి, స్టీరియోలో ఘంటసాల పాటలు పెట్టేవారు. అమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటూ వినేది. 1993లో నాన్న పోయారు. అప్పులు తీర్చడానికి మరుసటి ఏడు కారు అమ్మేశాం. స్టీరియో, రెండు స్పీకర్లు మాత్రం విప్పి దాచుకున్నాను. అది ఇంట్లో పాడితే అమ్మ మళ్లీ వింటుందని నా ఆశ. అప్పుడు నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ మొదటి ఏడు. అంటే, అన్నీ తెలుసనుకునే వయసు.

కారు స్టీరియోకి కావలసింది 12 వోల్టుల డీసీ. గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టుల ఏసీ. పాత సామాన్ల కొట్లో 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొని, నాలుగు డయోడ్లు, ఒక చిన్న కెపాసిటర్ అతికించాను. పాట వచ్చింది. పాటతో పాటు గుయ్యిమని మోత కూడా వచ్చింది. అయినా అమ్మ వింది. రాత్రి పది దాటి, ఊళ్లో లైట్లు ఆరాక సౌండు బాగా తగ్గించాను. కాసేపటికి కాలిన వాసన. పాట ఆగిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. లేచి చేట లోపల పెట్టేసింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

తెల్లారి ఈ బడికే వచ్చాను. ఫిజికల్ సైన్స్ మాస్టారు ల్యాబులో ఉన్నారు.

"ఎన్ని వోల్టులు ఇచ్చావురా?"

"12 సార్."

"కొలిచావా?"

"ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసుంది సార్."

ఆయన తిట్టలేదు. బీరువాలోంచి మల్టీమీటరు తీసి నా చేతిలో పెట్టి, "కొలుచుకుని రా" అన్నారు.

కొలిస్తే 18. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే 12 ఆర్‌ఎంఎస్ లెక్క, అదీ నిండు లోడు మీద. కెపాసిటర్ మాత్రం శిఖరం దాకా నిండుతుంది. 12ని 1.414తో హెచ్చిస్తే 17. డయోడ్లలో ఒకటిన్నర వోల్టు పోతుంది, నిజమే. కానీ సౌండు తగ్గించి లోడు తీసేసింది నేనే. పైగా రాత్రిపూట లైను వోల్టేజి పెరిగింది. కారులో ఇంజను నడుస్తున్నప్పుడు కూడా మామూలుగా 14.4 దాటదు. ఈ 1.414 లెక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను.

కాలిపోయిన ఆడియో ఐసీ మార్చాను. ఈసారి 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 13 వోల్టుల జీనర్ డయోడు, దళసరి అల్యూమినియం రేకు మీద 2ఎన్3055 ట్రాన్సిస్టర్. సౌండు పెంచినా తగ్గించినా మీటరు ముల్లు 12 దాటి కాస్త ముందుకెళ్లి అక్కడే నిలబడింది. మోత కూడా పోయింది. వారం తర్వాత అమ్మ చేట పట్టుకుని మళ్లీ అరుగు మీదికి వచ్చింది.

ఇప్పుడింత తంటా అక్కర్లేదు. ఎల్‌ఈడీ లైట్లకి వాడే 12 వోల్టుల, 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ చాలు. ఈనాటి సెట్లలో ఎర్ర వైరు కారు తాళానికి, పసుపు వైరు మెమరీకి. ఇంట్లో రెండూ కలిపి ప్లస్‌కి, నలుపు మైనస్‌కి ఇవ్వండి. స్పీకర్ల మైనస్ వైర్లను మాత్రం ఆ నలుపుతో కలపొద్దు, ఐసీ పోతుంది. అట్టపెట్టె మీద నాలుగు స్పీకర్లకీ తలా 50 వాట్లని రాస్తారు. 4 ఓమ్‌ల స్పీకరుకి శుభ్రమైన సౌండు పాతిక వాట్లు దాటదు, నమ్మకండి. 230 వోల్టుల వైపు ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, ఫ్యూజు ఉండాల్సిందే. ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టేసే మొనగాళ్లు ఈ హాల్లోనూ ఉన్నారు, పేర్లు చెప్పను.

మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. సార్, కొలుచుకుని రమ్మన్నారు. కొలిచాను గానీ మీటరు తిరిగివ్వలేదు. స్టాకు రిజిస్టరులో మీరేం రాసుకున్నారో! ఇదుగో, తెచ్చాను. బ్యాటరీ కొత్తది వేశాను.