కందుకక్రీడ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



భారతమును గూర్చి మాటాడుడని కార్యదర్శిగారు కోరిరి. కాలిబంతిని గూర్చి చెప్పుడని కళాశాల విద్యార్థులు పట్టుపట్టిరి. ఊరి లెక్కలు వ్రాసుకొనువాడను. రెండుపక్షములను సరిపెట్టుట నా వృత్తియే కదా!

ఆదిపర్వమున కురుకుమారులు ఆడుకొనుచుండగా బంతి నూతిలో పడినది. అంతమంది రాజపుత్రులుండియు దానిని తీయగలవాడొక్కడును లేకపోయెను. అప్పుడు వచ్చిన ద్రోణుడు ఒక పుల్లను బంతికి నాటి, దాని కొనకు వేరొకటి, దానికి మరియొకటి తగిలించి పైకి లాగెను. బీదవాడే కాని విద్య తెలిసినవాడు.

హైదరాబాదు కాలిబంతికి అట్టి గురువు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. 1909లో జన్మించిరి. ఉస్మానియా విద్యార్థులు కూడి ఏర్పరచిన ఎలెవెన్ హంటర్స్ జట్టులో ఆడిరి; పిమ్మట బడిపంతులైరి. బంతిని కాలియొద్దనే దాచుకొని విన్యాసములు చూపుట వారికి గిట్టెడిది కాదు. అందుకొన్న తోడనే తోటివానికి అందింపవలెను. ద్రోణుడు పుల్లకు పుల్ల తగిలించినట్లే యిదియు. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు కూడ నడపిరి. వారు తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచినది.

ఖాతాలో ఖర్చు కూడ చూపవలెను. 1952లో హెల్సింకీ ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో మనవారు పదింటికి ఒకటిగా ఓడిరి. ఆ జట్టుకును శిక్షకులు రహీంగారే. మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడినవారు. అటుపిమ్మటనే బూట్లు తప్పనిసరియైనవి. 1956లో మెల్‌బోర్నున ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, కడకు నాలుగవ స్థానమున నిలిచిరి. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణపతకము తెచ్చిరి. అప్పటికే గురువుగారి దేహమును పుట్టకురుపు తినివేయుచున్నది. మరుసటి జూన్‌లో వారు కన్నుమూసిరి.

ఇక మన సంగతి. మన పిల్లలు కొందరు తెనాలిలో, కొందరు రేపల్లెలో, కొందరు బాపట్లలో చదువుచున్నారు. 2022లో జిల్లాలు వేరైనను, రేపల్లెనుండి బాపట్లకు రైలున పోవువాడు నేటికిని తెనాలిలో బండి మారవలసినదే. కళాశాలలు తెరచునది వానలతో. పోటీల నెలలు వచ్చుసరికి తుపానులు వచ్చును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల యొద్దనే తీరము దాటినది కదా! బాపట్లవైపు ఇసుకనేల, నీరు త్వరగా ఇంకును. తెనాలి, రేపల్లె నల్లరేగడి తడిసిన మడమ దిగబడును, ఎండిన నెఱ్ఱెలు విచ్చి చీలమండ విరుచును. పోనీ, వరికోతయైన పొలములలో ఆడుకొందురా? కోతకు ముందే మినుమో పెసరో పైరులో చల్లుదుము. కోడె కాలు పెట్టిననే ఊరుకొనని రైతు కుఱ్ఱవాండ్రను దిగనిచ్చునా? రైతును తప్పుపట్టను, కౌలు కట్టవలసినవాడు ఆతడు.

కనుక మన ఊరి ఆటగాండ్రకు మిగిలినది గ్రంథాలయము వెనుకనున్న మెరక ఒక్కటే. వారమంతయు మూడు కళాశాలల జట్లలో ఎదురెదురుగా నిలుచువారు ఆదివారమునాడు అచ్చట ఒకే జట్టుగా ఆడుదురు. వారి ఋతువంతయు ఆ మెరకమీదనే తయారగుచున్నది.

ఆ స్థలమున దుకాణపు గదులు కట్టి అద్దెకిత్తమని ఒక సూచన వచ్చినది. అద్దెతో పుస్తకములు కొనవచ్చుననుట నిజమే. ఆ లెక్క వేసి యిచ్చినది నేనే, అందు తప్పులేదు. కాని ఆదివారపు ఆటకు అందు పద్దు లేదు. దానిని ఏ గడిలో వ్రాయవలెనో నాకు తెలియదు. బంతి పుస్తకముల కిటికీకి తగులుచున్నదను ఫిర్యాదు కూడ ఉన్నది. దానికి ఇనుపవల చాలును. వల ఖర్చు నేనిచ్చెదను.

సూచన రేపటి కార్యవర్గ సమావేశమున చర్చకు వచ్చును. స్థలమును ఖాళీగా నుంచవలెనని నా మతము. యువకులు కూడ వచ్చి తమ మాట చెప్పుకొనవచ్చునని అధ్యక్షులవారు అనుమతించినారు. సాయంకాలము ఆరుగంటలకు, ఆట ముగించుకొని, కాళ్లు కడుగుకొని రండు.