వేలికి తెలియాలి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

'హైదరాబాద్‌లో నువ్వు చేసే పనేమిటో మాకు అర్థమయ్యేట్టు చెప్పు' అన్నారు సంఘం పెద్దలు. ఫోన్ తెర మీద మనం నొక్కే గుర్తులు ఎక్కడుండాలి, ఎంత ఉండాలి, నొక్కినట్టు మనకెలా తెలియాలి అని చూడటం నా పని. మా అమ్మ సంగతితో మొదలుపెడితే తేలిగ్గా చెప్పగలను.

అమ్మ అద్దంకి పక్క పల్లెలోనే ఉంటుంది. ఏళ్ళ తరబడి మిరపకాయల తొడిమలు తీసి గరుకెక్కిన వేళ్ళు ఆమెవి. కాయ ఎండిందో లేదో గుప్పిట్లో పట్టి చెప్పేస్తుంది. బటన్ల ఫోన్ ఉన్నన్నాళ్ళూ ఆమెకు ఇబ్బంది లేదు. నొక్కితే బటన్ లోపలికి దిగేది, 5 అంకె మీద చిన్న బొడిపె తగిలేది. నేనే ముచ్చటపడి టచ్ ఫోన్ కొనిచ్చాను. ఓసారి పురుగుమందుల కొట్టుకు 500 పంపబోయి, సున్నా పడిందో లేదో తెలియక మళ్ళీ నొక్కింది. 5000 వెళ్ళిపోయాయి. కొట్టాయన తెలిసినవాడు కాబట్టి తిరిగిచ్చేశాడు. కానీ అమ్మ, 'నాకు చదువు లేకపోబట్టేరా' అంది. ఆ మాట నన్ను వదల్లేదు. లోపం ఆమె చదువులో లేదు. ఎక్కడ తడిమినా ఒకేలా నున్నగా ఉండే ఆ అద్దంలో ఉంది.

1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు. చెయ్యి గురిని చేరడానికి పట్టే సమయం, ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుంది అన్న వాటిని బట్టి ఉంటుంది. గోలీలాడిన మనకిది కొత్త కాదు.

1995లో జపాన్, కెనడా, ఫ్రాన్స్ పరిశోధకులు ముగ్గురు ఒక ప్రయోగం ప్రచురించారు. తెర మీది బాణం గురిలోకి రాగానే, మౌస్ మీదున్న చూపుడువేలి కింద చిన్న పిన్ను పైకి లేస్తుంది. రంగు మారడంతోనూ, శబ్దం రావడంతోనూ, ఏమీ లేకపోవడంతోనూ దాన్ని పోల్చి చూశారు. మొత్తం సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ గురిలోకి వచ్చాక నొక్కడానికి పట్టే సమయం మాత్రం స్పర్శతోనే అన్నిటికంటే తగ్గింది. అంటే స్పర్శ మనల్ని పరుగెత్తించదు. 'వచ్చేశావు, ఇక్కడే' అని చెబుతుంది.

అయితే అతి పనికిరాదు. ఒంగోలు నుంచి వచ్చే బస్సులో కండక్టరు ప్రతి స్టేజీలోనూ 'అద్దంకి వచ్చింది' అని లేపితే ఎలా ఉంటుంది? దారిలో తగిలే ప్రతి గుర్తూ వేలిని తట్టి లేపితే అంతే. ఇంకో మాట. మౌస్‌లో ఆ కబురు నొక్కకముందే అందుతుంది. ఫోన్లో వణుకు నొక్కాకే వస్తుంది. నొక్కు పడిందని చెబుతుంది గానీ, సరైన అంకె మీద పడిందని చెప్పదు. అందుకే వణుకుతో పాటు అంకెలు పెద్దవిగా, ఎడంగా ఉండాలి.

అమ్మ ఫోన్లో అక్షరాలు పెద్దవి చేశాను, కీబోర్డు వణుకు పెట్టాను. వణుకు తగిలితే ఇప్పుడు రెండోసారి నొక్కదు. పంపేముందు అంకెలన్నీ ఒక్కొక్కటే చదువుకుంటుంది. కొన్ని యాప్‌లలో ఆ వణుకు రాదు. అది సరిచేయాల్సింది నాలాంటివాళ్ళం.

అక్షరాభ్యాసం నాడు మన వేలు పట్టుకుని బియ్యంలో దిద్దించారు. అక్షరం కంటికంటే ముందు వేలికే తెలిసింది. ఆ పద్ధతి నేను మరిచిపోతే, అమ్మ గుర్తుచేసింది.

ఈ రాత్రి ఇళ్ళకు వెళ్ళాక మీ పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ ఫోన్ ఒకసారి చూడండి. నేర్పడానికి ముందు, వాళ్ళ వేలు ఎక్కడ తడబడుతోందో గమనించండి.

సెలవు.