నిత్యప్రయాణమునకు చిన్నకారు

ఉదయము ఏడు గంటల వేళ కోటలో బస్సులు నిలుచు చోటికి పోయి చూచినయెడల ఆ యూరి నిత్యజీవనము కొంత తెలిసిపోవును. గూడూరులో ఉద్యోగము చేయువారు, నెల్లూరు పోవలసినవారు, నాయుడుపేట వైపు కర్మాగారములలో పనికి కుదిరిన యువకులు, అందఱును ఒక కన్ను గడియారముపైనను ఒక కన్ను రోడ్డుపైనను ఉంచి నిలిచియుందురు. అదే వేళకు గూడూరునుండియు నెల్లూరునుండియు అధ్యాపకులు విద్యానగరమునకు వచ్చుచుందురు. 1979లో అచట ఇంజనీరింగు కళాశాల వెలసినప్పటినుండి ఈ యెదురు ప్రయాణము సాగుచునేయున్నది. ఒక ఊర కాపురము, మరియొక ఊర కొలువు. ఇది నేటి మధ్యతరగతి గృహస్థుని జాతకము.

అట్టి గృహస్థు లొకరు నాకు తెలిసినవారు కలరు. ఉపాధ్యాయులు. కోటనుండి గూడూరునకు పండ్రెండేండ్లుగా స్కూటరుపై పోయివచ్చుచున్నారు. ఇంట వృద్ధురాలైన తల్లి యున్నది. ఆమెను నెలకొకమారు నెల్లూరు వైద్యునియొద్దకు తీసికొని పోవలయును. కుమార్తె రెండేండ్లలో ఇంజనీరింగు చదువునకు పోవలసియున్నది. ఆయన కూడబెట్టిన సొమ్ము అయిదు లక్షలు. ఒక నాటి సాయంకాలము వానలో తడిసి యింటికి వచ్చి, నన్ను చూచి, "ఏమండీ, ఏ కారు లీటరుకు ఎక్కువ మైలేజి యిచ్చును? అది చెప్పుడు, కొనివేసెదను" అనిరి. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభమే. కాని ఆ ప్రశ్న సంపూర్ణమైన ప్రశ్న కాదని నాకు తోచినది. ఈ ప్రసంగ మంతయు దాని ఫలమే.

మొదట చిన్నకారనగా ఏమో చూతము. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత చాలకాలము మన రోడ్లపై తిరిగినవి మూడు రకముల కార్లే. అంబాసిడరు, ఫియట్టు, మదరాసులో తయారైన స్టాండర్డు. సామాన్యుని కందుబాటులో నుండు చిన్నకారు కావలెనను మాట ఆనాడే పుట్టినది. 1959లో కేంద్ర ప్రభుత్వము ఎల్. కె. ఝా అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. మాట మాత్రము ఇరువదియేండ్లకు పైగా నలిగినది. తుదకు 1983 డిసెంబరు 14వ తేదీన మారుతి 800 బయటికి వచ్చినది. మూడు సిలిండర్లు, 796 ఘనసెంటీమీటర్ల ఇంజను. అంబాసిడరు బరువు టన్నుకు మించగా, ఇది అందులో సుమారు మూడింట రెండువంతులకంటె తక్కువ. పెట్రోలు పొదుపునకు మూలము ఇచటనే యున్నది. మోయవలసిన ఇనుము తగ్గినకొలది మండవలసిన నూనె తగ్గును.

2006లో ప్రభుత్వము పన్ను కొఱకు చిన్నకారునకు కొలతలు కట్టినది. పొడవు నాలుగు మీటర్లు దాటరాదు. పెట్రోలు ఇంజను 1200 ఘనసెంటీమీటర్లు మించరాదు. ఈ గీతకు లోబడిన కార్లపై 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి వస్తుసేవల పన్ను 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. కొనువారి కిది మేలే. కాని తగ్గిన ధర చూచి త్వరపడుట మేలు కాదు.

ఇక మైలేజి లెక్కకు వత్తము. మన ఉపాధ్యాయులు నెలకు వేయి కిలోమీటర్లు తిరుగుదు రనుకొందము. గూడూరు రాకపోకలు, నెల్లూరు వైద్యుడు, ఇంటి పనులు అన్నియు కలిసి అంతే యగును. లీటరుకు 10 కిలోమీటర్లు పోవు కారునకు నెలకు 100 లీటర్లు కావలెను. 15 పోవుదానికి 67 లీటర్లు. 20 పోవుదానికి 50. 25 పోవుదానికి 40. ఇందొక విశేష మున్నది. పదినుండి పదునైదునకు పెరిగినపుడు 33 లీటర్లు మిగిలినవి. పదునైదునుండి ఇరువదికి పెరిగినపుడు 17 మాత్రమే. ఇరువదినుండి ఇరువదియైదునకు పెరిగినపుడు పదియే. ప్రతిమారును పెరిగినది అయిదే, కాని మిగులు అంతకంతకు తగ్గిపోయినది. కనుక అంగడిలో ఒకదానికి 22, మరియొకదానికి 24 అని చూచి, ఆ రెంటి కొఱకు అర లక్ష అధికముగ నిచ్చువారు కాగితముపై లెక్క వేసికొనవలయును. ఐరోపాలో కొన్ని దేశములవారు నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని కొలుతురు. ఆ కొలతలో ఈ భ్రమ కలుగదు.

మరియు తయారీదారులు ప్రకటించు అంకె ప్రయోగశాలలోనిది. కారును తిరుగు రోలర్లపై నిలిపి, నిర్ణీతమైన వేగములతో నడిపి దానిని కట్టుదురు. అచట ఎదురుగాలి లేదు, గుంత లేదు, రోడ్డునకు అడ్డము వచ్చు గేదె లేదు. 2022లో వచ్చిన ఆల్టో కె10 కారునకు ప్రకటించిన అంకె సుమారు 24. మన రోడ్లపై ఏ చిన్నకారునకైనను ప్రకటితమైన అంకెలో అయిదవవంతు తీసివేసి లెక్క వేసికొనుట వివేకము. చల్లని గాలి యంత్రము కొంత తినును. టైర్లలో గాలి తగ్గిన కొంత పోవును. రైల్వే గేటువద్ద ఇంజను ఆర్పక నిలిపిన కొంత పోవును. వేగము మాట చెప్పనక్కరలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున గాలి చేయు నిరోధము 90 వేగమున రెండుంబావు రెట్లగును. గూడూరు దాటి జాతీయ రహదారి యెక్కగానే కారునకు రెక్కలు వచ్చినట్లు తోచును. ఆ రెక్కలకు మేత వేయవలసినది మనమే.

ఇపుడు పెట్రోలులో ఇరువది శాతము ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులో పెట్రోలుకంటె శక్తి మూడవవంతు తక్కువ. కనుక కలిపిన లీటరులో ఆరు ఏడు శాతము శక్తి తగ్గును. పాత కారు కొనదలచినవారు ఇట్టి మిశ్రమమునకు ఆ యింజను తగునో తగదో దాని వాడుక పుస్తకములో చూచుకొనవలయును.

పెట్రోలు గాక వేరు దారులు లేవా యని అడుగవచ్చును. ఉన్నవి. సహజవాయువుతో, అనగా సి.ఎన్.జి.తో నడచు చిన్నకార్లు కలవు. ధర తొంబదివేలు అధికమనియు, నెలకు రెండువేల పైచిలుకు మిగులుననియు అనుకొనినచో, పెట్టిన సొమ్ము తిరిగి చేతికి వచ్చుటకు మూడున్నరేండ్లు పట్టును. సామాను పెట్టుచోటు సిలిండరునకు పోవును. ఆ సిలిండరును మూడేండ్లకొకమారు పరీక్ష చేయింపవలయును. పోవు దారిలో వాయువు నింపు బంకు లేనియెడల మిగులు అంతయు వెదకులాటకే సరిపోవును. డీజెలు మాట ఈ పరిమాణపు కార్లలో నేడు దాదాపు లేదు. 2020 ఏప్రిలునుండి కఠినమైన కాలుష్య నియమములు అమలునకు రాగా, చిన్న డీజెలు ఇంజనును శుభ్రపరచు ఖర్చు దాని పొదుపును మ్రింగివేసినది.

విద్యుత్తుతో నడచు చిన్నకార్ల విషయము వేరు. దినమునకు నలువదికి లోపుగ తిరుగువానికి ఇది సరిగా సరిపోవు వాహనము. రాత్రి యింటిలో తగిలించి, ఉదయము తీసికొని పోవచ్చును. వేయి కిలోమీటర్లకు నూటయిరువది యూనిట్లు, యూనిట్టు ఎనిమిది రూపాయలనినను, వేయి రూపాయలకు లోపే. కాని కొనుగోలు ధర పెట్రోలు కారుకంటె రెండు మూడు లక్షలు అధికము. సొంత యిల్లు, సొంత మీటరు, కారు నిలుపు చోటు ఉండవలయును. మన తీరమున తుపాను వచ్చినపుడు కరెంటు దినముల తరబడి రాకపోవుటయు మనకు క్రొత్త కాదు. ఇవి అన్నియు తెలిసి, తూచి కొనువారు నష్టపోరు.

సముద్రము దగ్గఱ నివసించువారు మరి రెండు సంగతులు గుర్తుంచుకొనవలయును. ఒకటి ఉప్పుగాలి. అది కారు అడుగుభాగమును మన కంటికి కనబడకుండ తినివేయును. ఏటేట అడుగున తుప్పు పట్టని పూత వేయించుట, మంచినీటితో కడుగుట అవసరము. రెండవది వరద. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటకముందే మన ప్రాంతపు రోడ్లపై నీరు పారినది. అట్టి నీటిలో ఇంజను ఆగినచో మరల తాళము త్రిప్పరాదు. గాలిగొట్టము గుండ సిలిండరులోనికి చేరిన నీటిని పిస్టను నొక్కలేదు. కనెక్టింగు రాడ్డు వంగిపోవును. దిగి నెట్టించుకొనుటయే ఉత్తమము. ఒక్క తాళపు త్రిప్పుతో రెండేండ్ల మైలేజి మిగులు మాయము కాగలదు.

పొదుపుకంటె ముఖ్యమైనది ప్రాణము. 2014లో ఒక అంతర్జాతీయ సంస్థ మన దేశపు చిన్నకార్లను అయిదింటిని గోడకు ఢీకొట్టించి పరీక్షింపగా, గాలిసంచులు లేని ఆ అయిదింటికిని పెద్దవారి రక్షణలో వచ్చిన మార్కు సున్న. ఆ తరువాత చట్టములు మారినవి. చక్రములు బిగుసుకొనకుండ చేయు బ్రేకు ఏర్పాటు 2019 ఏప్రిలునుండియు, డ్రైవరు గాలిసంచి అదే సంవత్సరము జూలైనుండియు, ముందుసీట్లు రెంటికిని గాలిసంచులు 2022 జనవరినుండియు తప్పనిసరియైనవి. 2023 అక్టోబరునుండి మన దేశమే కార్లను పరీక్షించి నక్షత్రములు వేయుచున్నది. తేలికైన కారు పెట్రోలు తక్కువ త్రాగునన్నది నిజమే. కాని రహదారిపై ఎదురు వచ్చునవి లారీలు. ఆ నక్షత్రములను చూడక, మైలేజిని మాత్రము చూచి కొనుట, గొడుగు బాగున్నదని యింటి కప్పు మరచుట వంటిది.

ఇక అసలు లెక్క. క్రొత్త చిన్నకారు అయిదున్నర లక్షలకు చేతికి వచ్చె ననుకొందము. ఎనిమిదేండ్లకు లక్షన్నరకు అమ్ముడుపోయినయెడల తరిగినది నాలుగు లక్షలు. నెలకు 4,150 రూపాయలు. భీమా నెలకు 1,250. మరమ్మతులు, టైర్లు వేయి. పెట్రోలు లీటరు 110 రూపాయల చొప్పున 50 లీటర్లకు 5,500. మొత్తము దాదాపు 11,900. పెట్రోలు ఇందులో సగముకంటె తక్కువ. మైలేజి ఇరువదినుండి ఇరువదిరెండునకు పెరిగినచో మిగులునది నెలకు అయిదువందలు. అదే కారు నాలుగేండ్లు వాడినది మూడు లక్షలకు దొరకి, ఆరేండ్ల పిమ్మట లక్షకు పోయినయెడల, తరుగు నెలకు 2,800 మాత్రమే. అచట మిగిలినది పదమూడు వందలకు తక్కువ కాదు.

వాడిన కారు కొనుటలో మోసము లేకపోలేదు. చెన్నపట్టణము మనకు దగ్గఱ. 2015 డిసెంబరు వరదలలో అచట వేలకొలది వాహనములు మునిగినవి. నీట మునిగిన కారు ఏ యేడాదిదైనను కొనరాదు. సీటుబెల్టును చివరివరకు లాగి చూడుడు. బురద చార కనబడును. క్రింది తివాచీ యెత్తి వాసన చూడుడు. అడుగున తుప్పు చూడుడు. తెలిసిన మేస్త్రీని వెంట తీసికొని పొండు. ఆయన కిచ్చు అయిదువందలు వృథా పోవు.

ఇది యంతయు మన ఉపాధ్యాయులకు చెప్పితిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత "క్రొత్తది కొన్నచో అమ్మాయి చదువునకు అప్పు చేయవలసి వచ్చును గదా" అనిరి. ఆ మాట నేను చెప్పలేదు. ఆయన లెక్కయే ఆయనకు చెప్పినది. నెల గడచిన పిమ్మట 2022లో తయారైన పెట్రోలు కారొకటి, రెండు గాలిసంచులు గలది, కొనిరి. అదే పాఠశాలలో పనిచేయు తోటి ఉపాధ్యాయు లిద్దఱు కోటవారే. వారును దానిలోనే పోవుచు పెట్రోలు పంచుకొనుచున్నారు. లీటరుకు ఇరువది పోవు కారులో ముగ్గురు కూర్చున్నచో ఆ లీటరు అరువది మనిషి-కిలోమీటర్లు మోసినట్లు. అట్టి మైలేజి యిచ్చు ఇంజనును ఏ ఇంజనీరును ఇంతవరకు అమ్మకమునకు పెట్టలేదు. ఖాళీ సీట్లు మాత్రము ప్రతి కారులోను ఉన్నవి.

కుమార్తె చదువు సొమ్ములో సగముకంటె తక్కువయే మిగిలినది. అది బ్యాంకిలో భద్రముగ నున్నది, తక్కినదానిని రెండేండ్లలో పూరింపగలనని ఆయన ధైర్యము. పోయిన మాసము తల్లిని నెల్లూరు తీసికొని పోయివచ్చిరి. ఆమె వెనుకసీటులో నిద్రపోయెనట. పండ్రెండేండ్లలో నెల్లూరు ప్రయాణమున ఆమె నిద్రపోవుట అదియే మొదటిసారి యని ఆయన చెప్పిరి. లీటరు లెక్కలో ఈ సంగతి ఎచటను చేరదు. కారు కొనుటకు మునుపు కాగితముపై అంకెలు వ్రాసికొనువారు, తమ యింట ఆ కారెక్కువా రెవరో, ఆ సొమ్ము మరి దేనికొఱకు దాచినదో, ఆ రెండును ప్రక్కన వ్రాసికొనవలయునని నా మనవి.