అనుమానం ఇంట్లోకి వచ్చినప్పుడు

ఈరోజు బి.పి. గురించో, షుగరు గురించో చెబుతాననుకొని ఉంటారు. వాటికంటే ఎక్కువగా మనం దాచిపెట్టే బాధ ఒకటుంది. అది భార్యాభర్తల మధ్య పుట్టే అసూయ, అనుమానం.

గుండెదడ అని, నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని ఓ.పి.కి వచ్చేవారిలో కొందరికి పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి. పక్కన కూర్చోబెట్టుకొని నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. "ఆవిడ నాకంటే అందంగా ఉంటుంది సిస్టర్. ఈయన ఇంటికొచ్చి నాతో పలకరు గాని, ఫోనులో ఆమెతో నవ్వుతూ మాట్లాడతారు" అని ఒక చెల్లెలు ఏడుస్తుంది. "వాడికి పెద్ద ఉద్యోగం, కారు ఉన్నాయి సిస్టర్. వాళ్ళ మధ్య ఏం జరిగిందో నాకు తెలియాలి" అని ఒక తమ్ముడు పళ్ళు కొరుకుతాడు. బాధ ఒకటే, కాని ఇద్దరూ భయపడేది వేర్వేరు విషయాలకు.

ఈ తేడాను మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా పరిశీలించారు. అమెరికాలో డేవిడ్ బస్, ఆయన తోటివారు కాలేజీ విద్యార్థులను ఒక ప్రశ్న అడిగి, ఫలితాలను 1992లో ప్రచురించారు. మీరు ప్రేమించినవారు వేరొకరితో శారీరకంగా కలిస్తే ఎక్కువ బాధా, మనసిచ్చి దగ్గరైతే ఎక్కువ బాధా అన్నదే ఆ ప్రశ్న. మగవారిలో నూటికి 60 మంది మొదటిదన్నారు. ఆడవారిలో నూటికి 83 మంది రెండవదన్నారు. నెదర్లాండ్స్‌లో 1998లో వచ్చిన మరో పరిశోధనలో, పోటీకి వచ్చిన మనిషి పదిమందిలో పెత్తనం చేయగలవాడైతే మగవారికి, అందగత్తె అయితే ఆడవారికి అసూయ ఎక్కువగా కలిగింది.

అలాగని మగవారంతా ఇంతే, ఆడవారంతా ఇంతే అనుకోకండి. 1992 నాటివి ఊహించుకొని చెప్పిన జవాబులు. నిజంగా మోసపోయినవారిని క్రిస్టీన్ హారిస్ అనే పరిశోధకురాలు అడిగినప్పుడు, స్త్రీలూ పురుషులూ కూడా మనసు దూరమైన సంగతినే ఎక్కువగా తలచుకున్నామన్నారు. ఈ పరిశోధన 2002లో వెలువడింది.

ఇది తెలుసుకుంటే మనకేమి మేలు? భార్య నిలదీసినప్పుడు "మా మధ్య ఏ తప్పూ జరగలేదు" అని భర్త ఊరుకుంటాడు. తాను జవాబు చెప్పేశాననుకుంటాడు. కాని ఆమె అడిగింది "మీ మనసులో నాకు చోటుందా?" అని. అలాగే భర్త ముభావంగా ఉంటే "మీదంతా అనుమానం" అని భార్య కొట్టిపారేస్తుంది. అతని లోపల ఉన్నది "నేను వాడికంటే తక్కువవాడినా?" అన్న దిగులు. కాబట్టి మీకు తోచిన జవాబు కాదు, ఎదుటివారి భయానికి జవాబు చెప్పండి. మీ భయాన్ని కూడా కోపంగా కాక, భయంగానే చెప్పండి.

ఒక హెచ్చరిక. ఫోను తనిఖీ చేయడం, పుట్టింటికి పోనివ్వకపోవడం, చెయ్యి చేసుకోవడం ప్రేమకు గుర్తులు కావు. "మెట్ల మీద పడ్డాను సిస్టర్" అని చెప్పినా, కట్టు కట్టే మాకు దెబ్బను చూస్తే చాలాసార్లు అర్థమవుతుంది. దయచేసి దాచకండి. ఏ ఆధారమూ లేకుండా, ఎంత చెప్పినా తగ్గని అనుమానం ఒక జబ్బు కావచ్చు. ఎక్కువకాలం తాగేవారిలో ఇది కనిపిస్తుంది. మానసిక వైద్యుల దగ్గర దీనికి చికిత్స ఉంది. మానసిక సహాయానికి 14416కు, హింస జరుగుతుంటే 181కు, ప్రాణభయం ఉంటే 112కు ఫోను చేయండి. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం కూడా మీకు అండగా ఉంది.

ఈ రాత్రి టీవీ కట్టేసి, భార్యాభర్తలిద్దరూ కలిసి మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయం చదవండి. తరువాత ఒకరి మాట ఒకరు అడ్డుపడకుండా వినండి.

దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.