కాండో ఫీజు తక్కువైతే లాభమేనా?



అమెరికా వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది మొదట కొనుక్కునేది కాండోనో, టౌన్‌హౌసో. గడ్డి కొయ్యక్కర్లేదు, మంచు ఎత్తక్కర్లేదు. కొనేముందు ధర చూస్తాం, వడ్డీ చూస్తాం, స్కూళ్ళు చూస్తాం, గుమ్మం ఏ దిక్కుకుందో కూడా చూస్తాం. అసోసియేషన్ ఫీజు దగ్గరకొచ్చేసరికి మాత్రం మనది ఒకటే ప్రశ్న: "నెలకెంత?" తక్కువని తెలిస్తే సంతోషిస్తాం.

న్యూజెర్సీలో మా కాండో అసోసియేషన్‌కి నేను కొన్నేళ్ళు కోశాధికారిగా ఉన్నాను. ఫీజు తక్కువగా ఉండడానికి రెండు కారణాలు ఉండొచ్చునని ఆ లెక్కలు చూశాకే బాగా అర్థమైంది. పొదుపుగా నడుపుతూ ఉండొచ్చు. లేదా, రేపు రాబోయే ఖర్చుని ఎవరూ లెక్కలో వెయ్యకుండా ఉండొచ్చు. ఈ రెండోది అప్పుతో సమానం. కాకపోతే ఏ కాగితం మీదా అప్పు అని రాసి ఉండదు.

కాండోలో గోడల లోపలిది మనది. పైకప్పు, బయటి గోడలు, లిఫ్టు, పార్కింగు అందరివీ. నెలనెలా కట్టే ఫీజులో కొంత కరెంటుకీ, ఇన్సూరెన్సుకీ, మంచు ఎత్తడానికీ పోతుంది. మిగతాది రిజర్వ్ ఫండ్‌కి వెళ్ళాలి. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో కార్పస్ ఫండ్ అంటారే, దాదాపు అలాంటిది. అక్కడ చాలా చోట్ల ఫ్లాటు తీసుకునేటప్పుడు ఒకేసారి కట్టించుకుంటారు, ఇక్కడ నెలనెలా పోగెయ్యాలి.

చిన్న లెక్క చెబుతాను. 60 ఇళ్ళున్న భవనం అనుకోండి. 20 ఏళ్ళకి పైకప్పు మార్చాలి, ఖర్చు 6 లక్షల డాలర్లు. ఇంటికి 10 వేలు. మొదటినుంచీ కూడబెడితే నెలకి 42 డాలర్లు కూడా కాదు. కూడబెట్టకపోతే ఇరవయ్యో ఏట ఒక ఉత్తరం వస్తుంది: "స్పెషల్ అసెస్‌మెంట్, ఇంటికి 10 వేల డాలర్లు." పంతొమ్మిదేళ్ళు ఉండి అమ్ముకుని వెళ్ళినాయన హాయిగా వెళ్ళిపోతాడు. కిందటేడు కొన్న కుర్రజంట అతని వాటా కూడా కడుతుంది.

ఇది డబ్బుతో పోయే విషయం మాత్రమే కాదు. ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ అనే ఊళ్ళో 12 అంతస్తుల ఛాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే కాండో భవనం 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక కూలిపోయింది. 98 మంది చనిపోయారు. ఈతకొలను పక్కనున్న స్లాబు కింద కాంక్రీటు దెబ్బతిన్నదని ఇంజనీరు 2018లోనే రాసిచ్చాడు. మరమ్మతుకి కావలసిన డబ్బు రిజర్వులో లేదు. వాదోపవాదాలయ్యాక, 2021 ఏప్రిల్‌లో కోటిన్నర డాలర్ల అసెస్‌మెంటు ఖాయం చేశారు. ఒక్కొక్క ఇంటికి 80 వేల డాలర్ల పైమాటే. మొదటి వాయిదా జూలై 1న మొదలవ్వాలి. అంతకి వారం ముందే భవనం కూలింది.

ఆ తరవాత చట్టాలు మారాయి. మూడంతస్తులు, ఆపైన ఉన్న పాత కాండోలకి కట్టడం పరీక్షలు తప్పనిసరి అని ఫ్లోరిడా 2022లో చట్టం చేసింది. కట్టడానికి ముఖ్యమైన భాగాల రిజర్వుని ఓటు వేసి ఎగ్గొట్టే పాత అలవాటుని కూడా ఆపింది. ఫీజులు తట్టుకోలేమని యజమానులు గోలపెడితే 2025లో కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. న్యూజెర్సీలో 2024 జనవరిలో చట్టం వచ్చింది. అయిదేళ్ళకొకసారైనా రిజర్వ్ స్టడీ చేయించాలి. పెద్ద మరమ్మతులు బాకీ ఉన్న భవనాల్లో ఇళ్ళకి ఇచ్చిన అప్పుల్ని ఫానీ మే 2022 నుంచి కొనడం లేదు. కొనేవాడికి అప్పు పుట్టకపోతే మన ఇంటి ధర ఏమవుతుందో వేరే చెప్పాలా?

మా దగ్గర ఫీజు పెంచాలని బోర్డు ప్రతిపాదించినప్పుడు, పెన్షను మీద బతికే ఒక పెద్దావిడ లేచి, "మందులు మానెయ్యమంటారా?" అని అడిగారు. ఆవిడ తప్పేమీ లేదు. ఇంజనీరు లెక్కలోనూ తప్పు లేదు. చివరికి పెంపుని మూడేళ్ళకి విడగొట్టాం. ముందే మొదలుపెట్టడం వల్ల అలా విడగొట్టడం కుదిరింది. కప్పు కారడం మొదలయ్యాక ఆ వీలుండదు.

చట్టపరంగా రెండు మాటలు. "మా బాల్కనీ బాగుచెయ్యలేదు కాబట్టి ఫీజు కట్టను" అనకండి. చాలా రాష్ట్రాల్లో కోర్టులు దానికి ఒప్పుకోవు. బాకీ పడితే అసోసియేషన్ మన ఇంటిమీద లియన్ వేస్తుంది, వేలందాకా కూడా వెళ్ళొచ్చు. ముందు కట్టి, తరవాత పోట్లాడండి. ఇక రెండోది ఇన్సూరెన్సు. అసోసియేషన్ పాలసీ మీ వంటింటి అలమరలకీ, నేలకీ వర్తిస్తుందో లేదో పత్రాల్లో చూసుకోండి. మీ సొంత హెచ్ఓ-6 పాలసీలో "లాస్ అసెస్‌మెంట్" ఎంతవరకు ఉందో కూడా చూడండి. అయితే అది ప్రమాదాల వల్ల వచ్చిన అసెస్‌మెంట్లకే. పాతబడిన కప్పు మార్చడానికి పనికిరాదు.

కొనబోయేవాళ్ళు నాలుగు కాగితాలు అడగండి: ఈ ఏటి బడ్జెట్టు, చివరి రిజర్వ్ స్టడీ, రెండేళ్ళ బోర్డు మినిట్స్, కోర్టు కేసుల వివరాలు. మినిట్స్ తప్పకుండా చదవండి. ఎక్కడ నీళ్ళు కారుతున్నాయో, ఎంతమంది బాకీ ఉన్నారో అందులోనే దొరుకుతుంది. పెద్ద నిర్ణయం తీసుకునేముందు మీ రాష్ట్రంలోని లాయరుని కూడా అడగండి. చట్టాలు అన్నిచోట్లా ఒకలా ఉండవు.

ఇప్పటికే కాండోలో ఉన్నవాళ్ళకి ఒక్క మనవి. వార్షిక సమావేశానికి మనవాళ్ళు వెళ్ళడం తక్కువ. కోరం లేక వాయిదాపడ్డ సమావేశాలు నేను చాలా చూశాను. ఈసారి వెళ్ళండి. "రిజర్వులో ఎంతుంది, ఎంతుండాలి?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

సెలవు.