సియాచిన్ మంచు కింద మన పార్నపల్లె సిపాయి: ఆయన్ను వెతికినోళ్ళ కథ

నేను డోన్ నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు ఎపిసోడ్‌లో నవ్వులుండవు. కానీ చివరిదాకా వినండి, ఎందుకంటే ఇందులో నా తప్పు ఒకటి ఒప్పుకోవాల్సి ఉంది.

2016 ఫిబ్రవరి గుర్తుందా? అప్పుడు అందరి ఫోన్లలో ఒకటే ఫోటో. లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్. కర్ణాటకలో ధార్వాడ్ జిల్లా మనిషి. సియాచిన్‌లో మంచు కింద ఆరు రోజులుండి ప్రాణాలతో బయటపడ్డాడు. నేను కూడా ఆ ఫోటో స్టేటస్ పెట్టుకున్నా, పది గ్రూపుల్లో పంపినా. ఆయనతో పాటు మంచులో పడిపోయిన వాళ్ళు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. ఆ లిస్టు చివరిదాకా నేను చదవలేదు. చదివుంటే అందులో ఒక పేరు కనపడేది. సిపాయి ముస్తాక్ అహ్మద్. ఊరు పార్నపల్లె, కర్నూలు జిల్లా.

మన జిల్లా అబ్బా! బండి ఆత్మకూరు మండలం. 2022లో జిల్లాలు విడగొట్టినాక డోను, పార్నపల్లె రెండూ నంద్యాల జిల్లాలోనే ఉన్నాయి. డోన్‌లో రైలెక్కి బేతంచెర్ల, పాణ్యం దాటితే నంద్యాల, అక్కడికి దగ్గరే ఆ ఊరు. ఇంత దగ్గర మనిషి పేరు నాకు చాన్నాళ్ళ తర్వాత తెలిసింది. అదే నా తప్పు.

సరే, ఏం జరిగిందో చెప్తా. 2016 ఫిబ్రవరి 3, తెల్లవారుజాము. సోనమ్ పోస్టు. ఎత్తు 19,600 అడుగులు, అంటే దాదాపు 6 కిలోమీటర్లు. పైనున్న పెద్ద మంచు గోడ విరిగి పోస్టు మీద పడింది. లోపల 10 మంది. తమిళనాడు వాళ్ళు నలుగురు, కర్ణాటక వాళ్ళు ముగ్గురు, కేరళ, మహారాష్ట్ర, మన ఆంధ్ర నుంచి ఒక్కొక్కరు. మహారాష్ట్ర ఆయన నర్సింగ్ అసిస్టెంట్, మిగతావాళ్ళు 19వ మద్రాస్ బెటాలియన్ వాళ్ళు.

ఇప్పుడు వెతికినోళ్ళ సంగతి. మంచులో కూరుకుపోయిన మనిషిని పావుగంటలోపు తీస్తే బతికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత అది చకచకా పడిపోతుంది. మరుసటి రోజుకే సైన్యం కూడా ఆశ చాలా తక్కువ అని చెప్పేసింది. అయినా వెతకడం మాత్రం ఆపలేదు. నూటయాభై మందికి పైగా సైనికులు ఆ పనిలో ఉన్నారు.

అది మామూలు మంచు కాదు, నీలం రంగులో గడ్డకట్టిన మంచు, కాంక్రీటు లెక్క ఉంటుంది. లోతు పాతిక, ముప్పై అడుగులు. మన బేతంచెర్ల నాపరాయి గనుల్లో పనిచేసిన వాళ్ళను అడగండి, బండను పగలగొట్టడమంటే ఏందో చెప్తారు. అదే పని గాలిలో ఆక్సిజన్ సగమే ఉన్నచోట, రాత్రి మైనస్ 40 చలిలో చేయాలి. నాలుగు దెబ్బలు వేస్తేనే ఆయాసం. గాలి అంత పల్చగా ఉంటే హెలికాప్టర్ కూడా ఎక్కువ బరువు మోయలేదు. అందుకే డ్రిల్లులు, రంపాలు, మంచు లోపలికి చూసే రాడార్లు కొంచెం కొంచెంగా పైకి చేర్చుకోవాలి.

వాళ్ళతో పాటు రెండు కుక్కలు కూడా ఉన్నాయి. డాట్, మిషా. మనిషి వాసన మంచు సందుల్లోంచి మెల్లగా పైకి వస్తుంది. అది మన ముక్కుకు అందదు, వాటికి అందుతుంది. కుక్క ఆగిన చోట తవ్వడం మొదలుపెడతారు. ఫిబ్రవరి 8 సాయంత్రం అట్లా తవ్వితే హనుమంతప్ప దొరికినాడు, ఊపిరితో. ఢిల్లీ ఆర్మీ ఆసుపత్రికి తెచ్చినారు, 11న ఆయన పోయినాడు. ముస్తాక్‌తో సహా మిగతా తొమ్మిది మంది శరీరాలే దొరికాయి. వాతావరణం అనుకూలించక వాళ్ళను కిందికి తేవడానికి ఇంకొన్ని రోజులు పట్టింది.

మీలో కొందరు అడగొచ్చు, చివరికి ఎవరూ బతకలేదు కదా, అంత కష్టం ఎందుకని. నేనూ అట్లే అనుకున్నా. కానీ అదే సంవత్సరం ఇంకొకటి జరిగింది. జూలై 22న చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ పోతున్న వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది, వాళ్ళలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. ఓడలు, విమానాలు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దాని శకలాల ఫోటోలు దొరికాయి. ఏడున్నరేళ్ళు! అన్నేళ్ళు తలుపు చప్పుడైతే చాలు, ఆ ఇళ్ళలో అమ్మలు ఎట్లా ఉలిక్కిపడి ఉంటారో ఆలోచించండి.

పార్నపల్లెలో ఆ ఎదురుచూపు లేదు. ఏడుపు ఉంది, కానీ బిడ్డ ఇంటికొచ్చినాడు. సొంత ఊరి మట్టిలో పడుకున్నాడు. మంచు తవ్వినోళ్ళు ఆ ఇంటికి ఇవ్వగలిగింది అంతే. అది చిన్నదని నేను ఇప్పుడు అనను.

వెతికిన ఆ సైనికుల పేర్లు మనకు తెలియవు. వాళ్ళకు పెద్ద పెద్ద బోర్డులు కట్టరు. వాళ్ళల్లో చాలామంది ఈపాటికి రిటైరై ఏ ఊళ్ళోనో సెక్యూరిటీ ఉద్యోగమో, సేద్యమో చేసుకుంటుంటారు. మీ వీధిలో ఎక్స్‌సర్వీస్‌మన్ ఎవరన్నా ఉంటే ఊరికే సెల్యూట్ కొట్టి పోవద్దు. "అన్నా, నువ్వు ఎక్కడ పనిచేసినావు?" అని అడిగి, పక్కన కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టి వినండి.

ఇంకొక మాట. ఈసారి ఇట్లాంటి వార్త వస్తే, ఫోటో ఫార్వర్డ్ చేసే ముందు పేర్ల లిస్టు చివరిదాకా చదవండి. అందులో మన పక్క ఊరి పిల్లోడు ఉండొచ్చు.

ఉంటానబ్బా. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం.