లాంకషైర్ ఛాన్సరీ న్యాయస్థానం: అధికార విస్తరణ, అప్పీలు మార్గం

న్యాయశాస్త్ర స్నాతకులను ఉద్దేశించిన ఈ స్నాతకోత్సవ ప్రసంగం ఒకే ప్రశ్నను పరిశీలనకు తీసుకుంటున్నది: ప్రజలకు చేరువలో ఉన్న ప్రాంతీయ న్యాయస్థానానికి అధికారాలు పెంచినప్పుడు, దాని తీర్పులపై అప్పీలును ఎవరు వినాలి? ఈ ప్రశ్నకు ఇంగ్లండులోని లాంకషైర్ పంతొమ్మిదో శతాబ్దంలో చెప్పిన సమాధానం శ్రద్ధగా చదవదగినది.

ఆ దేశపు కామన్ లా కోర్టులు ప్రధానంగా నష్టపరిహారం ఇప్పించేవే కాబట్టి, డబ్బుతో తీరని అన్యాయాలకు రాజు తరఫున ఛాన్సలర్ మనస్సాక్షి ప్రాతిపదికపై ఇచ్చిన ఉపశమనాల నుంచి ఈక్విటీ, అనగా సమన్యాయం, అనే శాఖ పెరిగింది. అమ్మకపు అగ్రిమెంటు రాసి, ఆపై రిజిస్ట్రేషనుకు నిరాకరించిన వ్యక్తి చేత దస్తావేజు రాయించే దావా, జరగబోయే నష్టాన్ని ముందే ఆపే ఇంజంక్షన్, ట్రస్టు ఆస్తికి ధర్మకర్త లెక్క చెప్పవలసిన బాధ్యత, ఇవన్నీ ఆ శాఖ ప్రసాదించినవే. తెలుగు జిల్లాల సివిల్ కోర్టుల్లో నిత్యం వినిపించే ఈ ఉపశమనాల్లో మొదటి రెండింటిని 1877 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 1963 చట్టమూ శాసనరూపంలో నిలిపాయి.

లాంకషైర్ పాలటైన్ కౌంటీ, అంటే రాజుకు ఉండే న్యాయాధికారాలను స్థానిక ప్రభువే చెలాయించే ప్రాంతం. రాజు మూడవ ఎడ్వర్డ్ 1351లో ఈ హోదా ఇచ్చి, 1377లో తన కుమారుడు జాన్ ఆఫ్ గాంట్‌కు దాన్ని మళ్ళీ మంజూరు చేశాడు. అందువల్ల ఆ కౌంటీకి సొంత ఛాన్సరీ న్యాయస్థానం, అంటే ఈక్విటీ కోర్టు, ఏర్పడి, వైస్ ఛాన్సలర్ అనే న్యాయమూర్తి అధ్యక్షతన నడిచింది. మధ్యయుగపు ఈ అవశేషానికి కొత్త ప్రాణం పోసింది పారిశ్రామిక విప్లవమే. మాంచెస్టర్ నూలు మిల్లులు, లివర్‌పూల్ రేవు వ్యాపారం పెరిగిన కొద్దీ భాగస్వామ్య లెక్కల వివాదాలు, వీలునామా తగాదాలు, తనఖా దావాలు పెరిగాయి. లండన్ ఛాన్సరీ కోర్టులో 1813లో ఒక వైస్ ఛాన్సలర్‌ను, 1841లో మరో ఇద్దరిని నియమించినా జాప్యం తీరలేదు. వారసుల పంచాయితీ తేలేలోపు ఆస్తి ఖర్చులకే కరిగిపోవడం అక్కడ అరుదు కాదు. ఇంటి దగ్గర న్యాయస్థానం ఉండగా కక్షిదారులు లండన్ దాకా వెళ్ళవలసి రావడం నిజంగా బాధాకరమైన విషయం.

పార్లమెంటు 1850 చట్టంతో ఆ స్థానిక న్యాయస్థానపు విచారణ పద్ధతులను సంస్కరించింది. అయితే అసలు మెచ్చుకోవలసినది 1854 చట్టం. అంతవరకు అప్పీళ్ళు లాంకాస్టర్ డచీ, అంటే ఆ ప్రభువు ఎస్టేటు, వ్యవహారాలు చూసే డచీ ఛాన్సలర్ వద్దకు వెళ్ళేవి. ఆ పదవి రాజకీయ నియామకం, దాన్ని చేపట్టేవారికి న్యాయశాస్త్ర పాండిత్యం ఉండాలన్న నియమమేమీ లేదు. కొత్త చట్టం కౌంటీకి ప్రత్యేక ఛాన్సరీ అప్పీలు కోర్టును ఏర్పరచి, అందులో డచీ ఛాన్సలర్‌తో పాటు, 1851లో లండన్‌లో సృష్టించిన లార్డ్స్ జస్టిసెస్ అనే అప్పీలు న్యాయమూర్తులను కూర్చోబెట్టింది. ప్రాంతీయ తీర్పును సరిదిద్దేవారు కేంద్ర ఛాన్సరీ తీర్పులను సరిదిద్దేవారే అయినందున, స్థానిక న్యాయం రెండో తరగతి న్యాయమన్న అనుమానానికి తావు తగ్గింది. తర్వాత 1873 జుడికేచర్ చట్టం, 1875లో అమలులోకి వచ్చి, ఈ అప్పీళ్ళను జాతీయ అప్పీలు కోర్టుకే అప్పగించింది. చివరికి 1890 చట్టం, తన పరిధిలోని వ్యక్తుల, ఆస్తుల విషయంలో హైకోర్టు ఛాన్సరీ విభాగానికి ఉన్న అధికారాలనే ఈ కోర్టుకు ఇచ్చింది. నమ్మదగిన అప్పీలు ముందు, సంపూర్ణ అధికారం తరువాత: ఈ వరుస యాదృచ్ఛికమే అయినా, ఏ శాసనకర్తకైనా అనుసరణీయమే. 1971 కోర్టుల చట్టం ఆ న్యాయస్థానాన్ని హైకోర్టులో విలీనం చేసినా, పాలటైన్ కౌంటీ వైస్ ఛాన్సలర్ అనే బిరుదు మిగిలే ఉంది.

భారతదేశంలో ఇదే సమస్య తలకిందులుగా ఎదురవుతున్నది. ఇక్కడ జిల్లా కోర్టులకు ఈక్విటీ అధికారాలకు కొదవ లేదు. దూరమైనది తుది అప్పీలే. లా కమిషన్ 2009లో సమర్పించిన 229వ నివేదిక, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాన్ని ఢిల్లీలో ఉంచి, మామూలు అప్పీళ్ళు వినే ధర్మాసనాలను ఢిల్లీ, చెన్నై లేదా హైదరాబాద్, కోల్‌కతా, ముంబైలలో నెలకొల్పాలని సూచించింది. రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించే ఇతర స్థలాల్లో సుప్రీంకోర్టు కూర్చోవడానికి రాజ్యాంగం 130వ అధికరణ ఇప్పటికే వీలు కల్పిస్తున్నది. అలాంటి ధర్మాసనం ఏర్పడితే, దాని తీర్పులకు ఢిల్లీ తీర్పులతో సమానమైన గౌరవం దక్కేలా ఎవరిని, ఎంత కాలానికి అక్కడ నియమించాలన్న చర్చలో ఈ స్నాతకుల తరం పాలుపంచుకోవలసి ఉంటుంది.